కావలి ధర్మము

ఒకరి కంప్యూటరునందు నేయే ప్రోగ్రాములు ఎప్పు డారంభమై యెప్పుడు ముగియుచున్నవో వేఱొకరు తెలిసికొనుట ధర్మమా యను ప్రశ్న మొదట యంత్రనిపుణుల పనిశాలలకు మాత్రమే సంబంధించినదిగా నుండెను. 2020వ సంవత్సరమున మహమ్మారి వ్యాపించి, ఉద్యోగములును పాఠములును మన గృహములలోనికి వచ్చిన పిమ్మట నది తల్లిదండ్రులకును యజమానులకును సంబంధించిన ప్రశ్నయైనది. కుమారుడు తలుపు వేసికొని చదువుచున్నాడో యాడుచున్నాడో తెలియగోరు తండ్రియు, ఎక్కడనో తన యింట గూర్చుండి పనిచేయు నుద్యోగి జీతమునకు దగినంత పని చేయుచున్నాడో లేదో తెలియగోరు యజమానుడును ఒకే యుపాయము నాశ్రయించుచున్నారు. యంత్రములో నొక చిన్న కావలి ప్రోగ్రామును నిలిపి, దానిచేత రాకపోకల పట్టీ వ్రాయించుచున్నారు. ఆ పట్టీ యేమి చెప్పగలదో యేమి చెప్పజాలదో యెఱుగక దాని మంచిచెడ్డలను విచారించుట వ్యర్థము. కావున నా పనితోనే మేము మొదలు పెట్టెదము.

కావలి రెండు విధములు. మొదటిది పలుమాఱు పోయి చూచుట. కావలి ప్రోగ్రాము సెకనున కొకమాఱు, నడుచుచున్న ప్రోగ్రాముల నన్నిటిని వ్రాసికొని వెనుకటి పట్టీతో సరిచూచును. క్రొత్తగా కనబడినది యారంభమైనదనియు, కనబడకపోయినది ముగిసినదనియు నిశ్చయించును. కోడు వ్రాయుట కొంచెము నేర్చిన విద్యార్థియు దీనిని గంటలో వ్రాయగలడు. అయితే రెండు చూపుల నడుమ బుట్టి గిట్టిన ప్రోగ్రా మీ పట్టీ కెక్కనే యెక్కదు. అరసెకనులో పని ముగించుకొని పోవునవి యంత్రములో ననేకములు గలవు. మఱియొక చిక్కు సంఖ్యలది. యంత్రము ప్రతి ప్రోగ్రామునకు నొక సంఖ్య నిచ్చును. ఆ ప్రోగ్రాము పోయిన తరువాత నా సంఖ్యనే వేఱొకదాని కీయవచ్చును. అప్పుడు సంఖ్యను మాత్రమే నమ్మిన కావలివాడు పోయినదానిని వచ్చినదానిని ఒకటిగా నెంచి మోసపోవును. సంఖ్యతో పాటు ఆరంభకాలమును గూడ వ్రాసికొనువానికి మాత్ర మీ చిక్కు లేదు.

రెండవ విధము, రాకపోకలు జరిగినపుడెల్ల తనకు తెలియజేయుమని ఆపరేటింగ్ సిస్టమునే కోరుట. విండోసులో విన్32_ప్రాసెస్‌స్టార్ట్‌ట్రేస్, విన్32_ప్రాసెస్‌స్టాప్‌ట్రేస్ అను రెండు వార్తలు దీనికొఱకే యేర్పడి యున్నవి. వీనిని వినుచున్న కావలివాడు మాటిమాటికి పోయి చూడ నక్కఱలేదు. అదే విండోసులో వార్త వలె గనబడుచు, లోలోపల మాత్రము కొన్ని సెకనుల కొకమాఱు పోయి చూచు నింకొక పద్ధతియు గలదు. పేరు చూచి మోసపోయి, యీ రెంటికిని భేదము తెలియని ప్రోగ్రామరులు పెక్కుమంది. ఇక భద్రతా దినచర్యను వ్రాయుమని యాజ్ఞాపించినచో విండోసు ప్రతి యారంభమును 4688 సంఖ్యతోడను, ప్రతి ముగింపును 4689 సంఖ్యతోడను వ్రాసి పెట్టును. ఇచ్చట గమనింపదగిన దొకటి యున్నది. పైని జెప్పిన స్టార్ట్‌ట్రేస్ వార్తలను వినుటకు గాని, ఈ దినచర్యను చదువుటకు గాని సామాన్యముగా యంత్రముపై సర్వాధికారము గల అడ్మినిస్ట్రేటరు కావలెను. అనగా నీ యెఱుక యెల్లరకు నుండదగినది కాదని యంత్రమును గట్టినవారు ముందుగానే తలచి యుండిరి.

యూనిక్సు సంప్రదాయమున నీ తలంపు మఱింత స్పష్టముగా గనబడును. అందు ప్రతి ప్రోగ్రామునకు నొక తల్లి ప్రోగ్రాము గలదు. 'ఫోర్క్' అను పిలుపుతో తల్లి బిడ్డను గనును. బిడ్డ ముగిసినప్పుడు తన తుదిసంఖ్యను విడిచి పోవును. సున్న యైనచో పని చక్కగా నెఱవేఱినదనియు, మఱియొక సంఖ్య యైనచో ఏదో లోపము జరిగినదనియు సామాన్యముగా నర్థము. 'వెయిట్' అను పిలుపుతో నా సంఖ్య నడిగి పుచ్చుకొను నధికారము తల్లికే గాని పరులకు లేదు. తల్లి యడుగువఱకు బిడ్డ పేరు పట్టికనుండి తొలగదు. దానిని వారు జాంబీ యందురు. మనవారు ప్రేత మందురు కాబోలు. ఉత్తరక్రియలను గూర్చి సంస్కారపక్షమువారి యభిప్రాయ మేదైనను, ఈ పోలిక మాత్రము చక్కగా గుదిరినదని మాకు దోచుచున్నది. తల్లియే ముందుగా పోయినచో, అనాథయైన బిడ్డను సామాన్యముగా ఒకటవ సంఖ్య గల ప్రోగ్రాము చేరదీసి యా ఋణమును తాను దీర్చును. ఇందలి ముఖ్యాంశము వేఱొకటి. తల్లి తుదివార్తను వినినంతనే యా బిడ్డను గూర్చిన లెక్క పట్టికనుండి తుడిచివేయబడును. వినుటయే గాని దాచి పెట్టుట లేదు.

మన యిండ్లలోని కావలివారి పట్టీ లిట్టివి కావు. అవి దాచి పెట్టుటకే వ్రాయబడుచున్నవి. అట్లు దాచిన పట్టీలో నున్న దెంత? యంత్రమును తెఱచిన నిమిషములోనే ఎవ్వరును కోరని పదుల కొలది ప్రోగ్రాములు తమంతట తామే మొదలగును. 2008లో వెలువడిన క్రోము వంటి బ్రౌజరు తాను తెఱచిన పుటలకు వేఱువేఱుగా ప్రాసెసులను బుట్టించును గావున, ఒక విద్యార్థి పాఠము చదువుటకు కొన్ని పుటలు తెఱచినచో పట్టీలో నంతకు మించిన జననము లుండును. కిటికీని మూసినంత మాత్రమున ముగియని ప్రోగ్రాములు కొన్ని. ప్రొద్దున దెఱచి సాయంకాలము వఱకు నెవ్వరును ముట్టని ప్రోగ్రాములు కొన్ని. ఆటప్రోగ్రాము నాలుగు గంటలు నడిచినదని పట్టీలో నున్న యెడల, కుమారుడు నాలుగు గంటలు ఆడెననుటకు నది సాక్ష్యము కాదు. ఆటను దెఱచి విడిచి స్నేహితునితో నారుబయట గూర్చుండి యుండవచ్చును. పుస్తకము నాలుగు గంటలు తెఱచి యున్నదనుట చదివినట్లా? ఆరంభము, ముగింపు అనునవి యంత్రమునకు సంబంధించిన సంగతులు. శ్రద్ధ, సోమరితనము, మోసము అనునవి మనుష్యునికి సంబంధించినవి. మొదటివానినుండి రెండవవానికి పోవుటకు నడుమ నెన్నియో మెట్లు గలవు. వానిని మనము గుడ్డిగా దాటుచున్నాము.

తెలియున దల్పమే యైనను, దానివలన గలుగు నధికార మల్పము కాదు. విండోసు దినచర్యలో ప్రోగ్రాము పేరు మాత్రమే గాక, దాని నారంభించినప్పుడు వ్రాసిన యాజ్ఞావాక్యమంతయు వ్రాయునట్లు చేయవచ్చును. అందు రహస్యపదములును సొంత సంగతులును జొరబడునని చేసినవారే హెచ్చరించి, యా యేర్పాటును మొదటినుండి ఆపివేసి యుంచిరి. ప్రోగ్రాము పేరే యొక్కొక్కప్పుడు కావలసినంత చెప్పును. రోగమును గూర్చియో, అప్పును గూర్చియో, వేఱు కొలువును గూర్చియో యున్న ప్రోగ్రామును రాత్రి రెండు గంటలకు దెఱచిన యుద్యోగిని గూర్చి యజమాను డేమని తలంచును? తాను చూడబడుచున్నా నని తెలిసినవాడు దెఱవవలసినదానిని గూడ దెఱవడు. చూడబడుచున్నట్లు తెలియనివాని గతి యంతకంటె హీనము. వానికి జవాబు చెప్పుకొను నవకాశమే లేదు.

ఈ విషయమున న్యాయస్థానములు కొంత దారి చూపినవి. రుమేనియా దేశమున బార్బులెస్కు అను నుద్యోగి కార్యాలయపు ఖాతాలో సొంత మాటలు వ్రాసెనని 2007లో బనినుండి తొలగింపబడెను. యజమాని కావలి కాయబోవుచున్న సంగతి యాతనికి ముందుగా దెలుపబడినదా, ఎంతవఱకు దెలుపబడినది యను విచారణ దేశపు కోర్టులలో సరిగా జరుగలేదని యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానము 2017లో నాతని పక్షమున దీర్పు చెప్పెను. అదే సంవత్సరము ఆగస్టు 24వ తేదీని మన సుప్రీముకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి వ్యాజ్యమున గోప్యత ప్రాథమికహక్కని యేకగ్రీవముగా నిర్ణయించిరి. కాని 2023లో జేయబడిన వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము, ఒక వ్యక్తి తన గృహకార్యమునకై చేయు పనికి వర్తింపదని స్పష్టముగా జెప్పుచున్నది. తండ్రి కుమారుని యంత్రమున నేమి నిలిపినను ఆ చట్టము గుమ్మము దాటి లోనికి రాదు. అట్లు రాకుండుటయే మంచిది. అయినను, చట్టము లేని చోట నడవడిని మనమే యాలోచించుకొనవలసి యున్నది.

"యంత్రము మా సొమ్ముతో గొన్నది, అందేమి జరుగునో తెలిసికొనుట మా హక్కు" అని గృహస్థులు చెప్పుదురు. ఇల్లు కట్టించినవాడు అద్దెకున్నవారి పడకగది తలుపు సందునుండి చూడవచ్చునా? సొమ్ము యంత్రమునకు దీసికొనినది గాని దాని ముందు గూర్చున్నవానికి గాదు. అట్లని మేము కావలినే నిందించుట లేదు. తన యంత్రములో తానెఱుగని ప్రోగ్రాము మొదలగుచున్నదేమో చూచుకొనుట ప్రతివానికి గర్తవ్యమే. వైరసులను, దొంగ ప్రోగ్రాములను బట్టుకొనువారి విద్య యంతయు నీ 4688 వంటి గుర్తులపై నాధారపడి యున్నది. ఆఱేండ్ల బాలుని యంత్రమును తల్లి గమనించుటను తప్పు పట్టువా డెవ్వడు? మా తగవు మఱుగున నిలిపిన కావలితోను, ఎదిగినవానిపై నిలిపిన కావలితోను మాత్రమే. 2014లో వెలువడిన ఆండ్రాయిడు 5.0 మొదలు, ఒక సామాన్య ఆప్ ఇతర ఆప్‌ల రాకపోకలను తనంత తాను చూడ వీలులేకుండ జేసి, చూడవలసినచో ఫోనుగలవాడు సెట్టింగులలోనికి పోయి స్వయముగా నంగీకరింపవలె నని నియమించిరి. యంత్రమును గట్టినవారు పాటించిన యీ మాత్రపు మర్యాదను మన మిండ్లలో పాటింపకుండుట సిగ్గుచేటు.

పదునాఱేండ్ల కుమారుడు గల గృహస్థు డొకడు తప్పక కావలి నిలుపవలె నని నిశ్చయించుకొనె ననుకొందము. ముందుగా కుమారునితో జెప్పవలెను. ఆ చిన్న ప్రోగ్రామును వానిచేతనే వ్రాయించుట మఱియు మేలు. పిల్లవాడు కొంత విద్య నేర్చుకొనును, పట్టీలో నేమి పడునో యేమి పడదో వానికి దెలియును. ఆటల పేర్లు నాలుగైదింటిని మాత్రమే చూడవలెను గాని సర్వమును గాదు. ఆ పట్టీని కుమారుడు తండ్రితో సమానముగా జదువగలుగవలెను. ఏడు దినములైన తరువాత దానంతట నది చెఱిగిపోవలెను. పరీక్షలు ముగిసిన నాడు కావలియు ముగియవలెను. ఇంత వినిన పిమ్మట బుద్ధిమంతుడైన పిల్లవాడు, "నాన్నగారూ, మీ ఫోనులోని పట్టీ కూడ నాకు చూపించెదరా?" అని యడుగక మానడు. ఆ పట్టీని క్రొత్తగా వ్రాయించు శ్రమ తండ్రికి లేదు. ఏ ఆప్‌ను ఎన్ని నిమిషములు వాడిరో డిజిటల్ వెల్‌బీయింగ్ అను పేర ఆండ్రాయిడు ఫోనులు వ్రాసి యుంచుచునే యున్నవి. సెట్టింగులు దెఱచి పిల్లవాని చేతి కిచ్చుటయే తరువాయి.