ఏడుపు ఆగితే నొప్పి ఆగినట్టేనా?

మా పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. కేజీ ఆరువందల గ్రాములు. రోజూ మడమలో సూది గుచ్చి రక్తం తీసేవారు. ఆ సమయానికి "నువ్వు చూడలేవు, బయటికెళ్ళమ్మా" అని నన్ను పంపేసేవారు. చూడలేనిది నేనా, నేను చూస్తుంటే ఇబ్బంది వాళ్ళకా అని అప్పట్లో అడగలేదు. తలుపు బయట కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నిలబడేదాన్ని.

"ఇంత పసిగుడ్డుకి నొప్పేం తెలుస్తుందిలే" అని వార్డులో ఒకావిడ ఓదార్చింది. వైద్యులూ చాలాకాలం అదే నమ్మారు. 1985లో అమెరికాలో జెఫ్రీ లాసన్ అనే నెలలు నిండని బిడ్డకి గుండె దగ్గరి రక్తనాళానికి ఆపరేషన్ చేశారు. కదలకుండా మందిచ్చారు, నొప్పి తెలియకుండా మాత్రం ఏమీ ఇవ్వలేదు. కొన్ని వారాలకి బిడ్డ పోయాడు. సంగతి తెలుసుకున్న తల్లి జిల్ లాసన్ ఊరుకోలేదు, బయటపెట్టింది. 1987లో ఆనంద్, హికీ అనే వైద్యులు నవజాత శిశువుల నొప్పికి శాస్త్రీయ ఆధారాలన్నీ ఒకచోట పెట్టి వ్యాసం రాశారు. తల్లి కళ్ళతో చూసింది సాక్ష్యం కావడానికి ఇంత కావాల్సొచ్చింది.

ఒక రాత్రి డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ నన్ను లోపలే కూర్చోమంది. పాపని నా రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టి, కాళ్ళూ చేతులూ కడుపులో ఉన్నట్టు ముడిచి పట్టుకోమని, అప్పుడు గుచ్చింది. పాప ఒకసారి కెవ్వుమంది. కాసేపటికే సర్దుకుంది. కాస్త పెద్ద పిల్లలైతే పాలు తాగుతుండగానే గుచ్చొచ్చని చెప్పింది.

ఖర్చులేని వైద్యం అంటారు దీన్ని. ఎవరికి ఖర్చులేదు? 1978లో బొగోటాలో కంగారూ పద్ధతి మొదలైందే ఇంక్యుబేటర్లు చాలక. ఆ లోటు తల్లుల గుండెలు పూడ్చాయి. పచ్చి బాలింత గంటలు గంటలు కదలకుండా కూర్చుంటే దాన్ని ప్రేమ అనేస్తారు. పాలివ్వడం తప్ప మిగతాదంతా తండ్రీ చెయ్యగలడు. మా ఆయన్ని ఆ గది గడప తొక్కనివ్వలేదు. ఆయనా పెద్దగా అడగలేదనుకోండి.

సూదికి ముందు నాలుక మీద నాలుగు చుక్కల పంచదార నీళ్ళు వేసే పద్ధతి కూడా ఉంది. చాలా దేశాల్లో వాడతారు. కానీ 2010లో లాన్సెట్‌లో వచ్చిన ఒక అధ్యయనం నన్ను వదలడం లేదు. తీపి చుక్కలు పడ్డ పిల్లల ముఖాలు తేటపడ్డాయి, మెదడు స్పందన మాత్రం తగ్గలేదు. దీనిమీద వాదాలున్నాయి. నా భయం వేరే. కాన్పు గదిలో పళ్ళు బిగబట్టుకున్నందుకు "బాగా ఓర్చుకుంది" అని నన్ను మెచ్చుకున్నారు. నాకెంత నొప్పిగా ఉందని ఎవరూ అడగలేదు. చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం తన నిర్వచనంలో 2020లో స్పష్టంగా రాసుకుంది.

ఆ రాత్రి మాత్రం సిస్టర్ దూది అదిమిపెట్టి, "నిద్రపోయింది, ఇటివ్వమ్మా" అంది.

"నిద్రేనా?" అన్నాను.

ఆమె వంగి పాప ముఖంలోకి, పిడికిళ్ళలోకి చూసింది. "ఇంకాసేపు ఉంచుకో" అని వెళ్ళిపోయింది.