ఆ సగం మాత్ర

మా చెల్లెలికి నాలుగేళ్లప్పుడు డాక్టరుగారు రాసింది పెద్దవాళ్ల మాత్రే. "సగం చేసి వెయ్యండమ్మా" అన్నారు. మాత్ర మధ్యలో గీత కూడా లేదు. అమ్మ పీట మీద పెట్టి చాకుతో నొక్కేది. రెండు సగాలూ ఏనాడూ సమానంగా వచ్చేవి కావు, కాస్త పొడి రాలేది. పెద్ద ముక్క వెయ్యాలా, చిన్న ముక్క వెయ్యాలా? దాన్ని రెండు చెంచాల మధ్య నలిపి, తేనెలో రంగరించి పెడితే చెల్లి మూతి బిగించి సగం ఉమ్మేసేది. చెంగుకు అంటిన ఆ తేనెను చూస్తూ అమ్మ అలాగే నిలబడిపోయేది. లోపలికి ఎంత వెళ్లినట్టు? మళ్లీ వేస్తే ఎక్కువవుతుందేమో, వెయ్యకపోతే చాలదేమో.

ఆ ప్రశ్న అమ్మది కాదని నాకు చాలా ఏళ్లకు గానీ తోచలేదు. మందు తయారయ్యే చోటే తేలాల్సిన లెక్కను మా వంటింటి దాకా రానిచ్చారు.

రోగాన్ని తగ్గించే రసాయనం వేరు, మనిషి మింగగలిగే మందు వేరు. ఫార్ములేషన్ అంటే ఆ రెంటి నడుమ జరిగే పని. ఎంత మోతాదు ఉండాలి, కడుపులో ఎప్పుడు కరగాలి, చేదు ఎలా కప్పాలి, ఎండకు చెడకుండా ఎలా నిలవాలి అని చూసుకోవడం. మన పాత వైద్యులు అనుపానానికీ మందుతో సమానమైన విలువ ఇచ్చేవారు. ఇది తేనెతో, అది పాలతో అని గట్టిగా చెప్పి పంపేవారు. మందు పని చేస్తుందంటే ఎవరి ఒంట్లో, ఏ వయసులో? అది అడక్కుండా దేన్నైనా మంచి మందు అనవచ్చా?

అనుపానమే ప్రాణాలు తీసిన సందర్భమూ ఉంది. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్‌ను తాగే మందుగా చేశారు. మందు మంచిదే. దాన్ని కరిగించడానికి వాడిన డైఇథిలీన్ గ్లైకాల్ విషం. అమ్మే ముందు రుచి చూశారు, రంగు చూశారు, వాసన చూశారు. తాగినవాళ్లకు ఏమవుతుందో మాత్రం చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మరుసటి ఏడాది అక్కడ చట్టం మారింది. 2022లో గాంబియాలో పిల్లల మరణాలప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన హెచ్చరికలో మళ్లీ అదే రసాయనం పేరు చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ సిరప్‌లు మన దేశంలో తయారైనవి.

ఇప్పుడు ఔషధ పరిశ్రమలో ఎక్కడ విన్నా మెరుగుదల మాటే. ఏడాదికి రెండుసార్లే సూది వేయించుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనకాపవిర్ వచ్చింది. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాట. పేద దేశాలకు 2027 నుంచి 40 డాలర్లకు జెనరిక్ ఇస్తామని ముందుకొచ్చినవి మన హైదరాబాద్ కంపెనీలు, డాక్టర్ రెడ్డీస్, హెటిరో. గర్వించాల్సిన విషయమే.

అయితే ప్రతి మెరుగూ మేలు కాదు. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తేల్చింది సరిగ్గా ఇదే. కొత్త స్ఫటిక రూపం రక్తంలోకి 30 శాతం ఎక్కువగా చేరుతుందని నోవార్టిస్ వాదించింది. ఎక్కువ చేరినంత మాత్రాన రోగం ఎక్కువ నయమవుతుందని రుజువు కాదు కదా అంది కోర్టు. పేటెంట్ ఇవ్వలేదు. ఆ తీర్పు న్యాయమైనదని నా నమ్మకం.

అయినా ఒక చిక్కు నన్ను వదలదు. అదే కొలతతో చూస్తే పిల్లల మాత్రలో కొత్త గుణమేమీ లేదు. అదే మందు, తక్కువ మోతాదు, కాస్త తీపి. మా అమ్మను అడిగితే అంతకు మించిన మేలు ఉందనేది కాదు. గుత్తాధిపత్యం ఇవ్వకూడదు, సరే. లాభమూ లేనప్పుడు ఆ మాత్ర ఎవరు చేస్తారు?

హెచ్‌ఐవీ సోకిన పసివాళ్లకు ఏళ్ల తరబడి పోసిన లోపినవిర్-రిటోనవిర్ ద్రవంలో 42 శాతం ఆల్కహాలే. పైగా భరించలేని చేదు. వాళ్లలో ఎక్కువమంది పేద దేశాల పిల్లలు, కొనగలిగే బేరం కాదు. చివరికి ప్రజారోగ్య సంస్థలు డబ్బు పెట్టి, జెనరిక్ కంపెనీలు చెయ్యి కలిపితే గానీ నీళ్లలో వేస్తే కరిగిపోయే, స్ట్రాబెర్రీ రుచి గల డోలుటెగ్రావిర్ మాత్ర వాళ్లకు అందలేదు. చాకు అక్కర్లేదు, చెంచాలు అక్కర్లేదు.

పెద్దవాళ్లకు ఆ మందు అమెరికాలో అనుమతి పొందింది 2013లో. పిల్లల కోసం నీళ్లలో కరిగే మాత్రకు అనుమతి వచ్చింది 2020లో. మధ్యన ఏడేళ్లు.