చక్రాల మీద వంటిల్లు

మరమ్మతుకీ ఇంటి చాకిరీకీ తేడా ఏమిటి? రెండూ పాడైపోతున్నదాన్ని నిలబెట్టే పనులే. కారుతున్న కప్పుని బాగుచేయడం ఎంత అవసరమో, ఆ కప్పు కింద ఉన్నవాళ్ళకి వండిపెట్టి, బట్టలు ఉతికి ఆరేయడం కూడా అంతే అవసరం. అయినా మొదటిదాన్ని పని అంటాం, రెండోదానికి అసలు పేరే పెట్టం. చేసే మనిషిని బట్టి పనికి విలువ వస్తుందా, పనిని బట్టి మనిషికి విలువ వస్తుందా? పుస్తకాల్లో చాలాసార్లు చదివిన ఈ ప్రశ్న ఈమధ్య ఒక పాత బండి రూపంలో మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. ఎనిమిదేళ్ళ పాపా, అయిదేళ్ళ బాబూ ఉన్నారు. పిల్లల వేసవి సెలవుల్లో ఎల్లోస్టోన్ వెళ్దామని నా సహచరుడు ముప్ఫై ఏళ్ళ పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. అంటే వ్యాను చట్రం మీద కట్టిన చిన్న ఇల్లన్నమాట. రెండు పొయ్యిలు, చిన్న సింకు, ఫ్రిజ్, మరుగుదొడ్డి, మడిస్తే పడకయ్యే భోజనాల బల్ల, డ్రైవర్ తల మీదుగా ముందుకి పొడుచుకొచ్చిన అటక లాంటి పడక. చవగ్గా వచ్చిందని కొన్నాడు. చవగ్గా ఎందుకొచ్చిందో మొదటి వానకే తెలిసింది.

ఇలాంటి బళ్ళు ఎక్కువగా కారేది ఆ అటక దగ్గరే. కప్పు మీద రబ్బరు పొర ఉంటుంది. గాలి గొట్టాల చుట్టూ, అంచుల వెంబడీ పూసిన జిగురు ఎండకి ఎండి పగుళ్ళిస్తుంది. ఆ సందుల్లోంచి దిగిన నీళ్ళు గోడ లోపలి కర్ర చట్రం వెంట పాకి, ఎక్కడో దూరంగా మరకై కనిపిస్తాయి. మరక ఉన్నచోట ఎంత పూసినా లాభం లేదు. గోడ విప్పాలి. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయే ప్లైవుడ్‌ని కోసి తీసేయాలి, చట్రాన్ని ఆరనివ్వాలి, కొత్త చెక్క బిగించి అంచులకి బ్యూటైల్ టేపు వేసి, దానిమీద జిగురు పూయాలి. ఇవన్నీ అతను ఓపిగ్గా నేర్చుకున్నాడు. ఆరు శని, ఆదివారాలు కష్టపడ్డాడు. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు.

ఆ ఆరు వారాలూ నేనేం చేశాను? ప్లైవుడ్‌కి రెండో కొస పట్టుకున్నాను. బూజు పట్టిన పరుపుల తొడుగులు విప్పి, ఉతికి, పనికిరానివాటికి కొత్తవి కుట్టాను. అతనికి అడ్డం రాకుండా పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం అన్నం వండి బయటికి తీసుకెళ్ళి ఇచ్చాను. తప్పు సైజు మరలు దుకాణంలో తిరిగి ఇచ్చి వచ్చాను. బండిలో ఉండాల్సిన మందులు, పప్పులు, పచ్చళ్ళ జాబితా రాశాను. పని పూర్తయ్యాక స్నేహితులు చూడ్డానికొచ్చారు. అతనొక్కడే ఇంత పని చేశాడని మెచ్చుకున్నారు. ఒకావిడ నా వైపు తిరిగి, "నువ్వు కూడా బాగా హెల్ప్ చేశావటగా" అంది. ఆవిడ ప్రేమగానే అంది. కానీ ఆ ఒక్క మాటతో బండి అతనిదీ, పని అతనిదీ అయిపోయాయి. నాకు సాయం చేసిన మనిషి స్థానం మిగిలింది.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు గుర్తొచ్చింది. నేను నా పేరు మర్చిపోలేదు. దాని ముందు డాక్టర్ అన్న మాట ఉందని మాత్రం ఇక్కడెవరికీ తెలియదు. నేను హెచ్-4 వీసా మీద ఉన్నాను. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటిన భార్యలకి పని అనుమతి ఇచ్చే నిబంధన 2015లో వచ్చింది. మేమింకా ఆ దశకి చేరలేదు. అంటే ఈ దేశంలో పిహెచ్.డి. చేసిన మనిషి పాఠం చెప్పి జీతం తీసుకుంటే నేరం, పరుపులకి తొడుగులు ఊరికే కుడితే సంసారం. జీతం లేని పనే చట్టబద్ధమైన పని అయినప్పుడు దాన్ని 'హెల్ప్' అనడం నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

ప్రయాణ సాహిత్యాన్ని కూడా ఈ కళ్ళతో చూడాలనిపిస్తుంది. జాన్ స్టైన్‌బెక్ 1960లో ట్రక్కు మీద చిన్న గది కట్టించుకుని, భార్యని ఇంటి దగ్గర వదిలి, కుక్కని తోడు తీసుకుని అమెరికా చుట్టొచ్చాడు. 1962లో వచ్చిన ఆ పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. మన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట ఇంచుమించు వంద మంది పరివారం ఉంది. మజిలీలెక్కడ అనుకూలమో, దినుసులెక్కడ దొరుకుతాయో ఆయన శ్రద్ధగా రాశారు. ఆ పరివారంలోని ఆడవాళ్ళు ఆ పదిహేను నెలల ప్రయాణాన్ని ఎలా చూశారో వాళ్ళ మాటల్లో మనకి దొరకదు. ఒంటరి మగవాడు వెళ్తే అన్వేషణ అంటాం. సంసారమంతా కదిలితే ఆడదానికి మాత్రం వంటిల్లు ఊరు మారుతుంది, అంతే.

అన్ని స్త్రీల కథా ఇదే అనడం లేదు. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన 'నోమాడ్‌లాండ్'లో ఇల్లు భరించలేక వ్యాన్లలో, మోటార్‌హోముల్లో బతుకుతూ, గోదాముల్లో సీజను పనులు చేసుకునే వృద్ధ స్త్రీలున్నారు. వాళ్ళకి కప్పు కారడం అంటే సెలవు పాడవడం కాదు, ఉన్న ఒక్క ఇల్లూ పోవడం. నా అసంతృప్తికి వెనక ఒక సౌకర్యం ఉందని వాళ్ళు గుర్తుచేస్తారు. అయితే ఆ సౌకర్యం నా ప్రశ్నకి జవాబు కాదు.

ఇంకో విషయం. ఈ బళ్ళలో మలం చేరే ట్యాంకు ఒకటి వేరే ఉంటుంది. చేతికి తొడుగులు వేసుకుని, గొట్టం బిగించి దాన్ని ఖాళీ చేయాలి. నా సహచరుడు ఆ పని నవ్వుతూ నేర్చుకున్నాడు, వీడియో కూడా తీశాడు. మన దేశంలో ఈ పనిని ఒక కులానికి అంటగట్టాం. 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలు చేసినా ఇంకా మనుషులు మురుగు గోతుల్లో చనిపోతూనే ఉన్నారు. అదే పని ఇక్కడ పై కులం మగవాడికి సాహసం ఎలా అయింది? గొట్టం ఉంది, తొడుగులున్నాయి, అన్నిటికీ మించి ఆ పని అతని పుట్టుకకి అంటుకోదు. రేపు మానేసినా ఎవరూ అడగరు. ఆ బండిలోనే మరుగుదొడ్డి గిన్నె తోమడం మాత్రం నా వంతుకొచ్చింది. ఎవరూ నాకు అప్పగించలేదు, ఎవరూ వీడియో తీయలేదు. పని మురికిదా కాదా అన్నది కాదు, వద్దనగలిగే హక్కు ఎవరికుంది అన్నదే అసలు ప్రశ్న అని నాకనిపిస్తుంది.

ఇదంతా చెబితే తెనాలి నుంచి అమ్మ ఫోన్లో, "ఇంట్లోవాళ్ళ దగ్గర లెక్కలేంటే?" అంది. అమ్మ మాటని కొట్టిపారేయలేను. ప్రేమ ఉన్నచోట గంటలు లెక్కపెట్టడం మొరటుగానే ఉంటుంది. కానీ లెక్క ఇప్పటికే ఉంది కదా! ఆరు వారాంతాలని అందరూ లెక్కపెట్టారు. నేను కొత్తగా లెక్క మొదలుపెట్టడం లేదు, సగం రాసి వదిలేసిన లెక్కని పూర్తి చేయమంటున్నాను. నాకు కృతజ్ఞత అక్కర్లేదు. కృతజ్ఞత చెబితే అది మళ్ళీ నేను చేసిన సాయానికే అవుతుంది. పనంతా ఇద్దరికీ కనబడాలి. కనబడితేనే పంచుకోవచ్చు, కాదనవచ్చు, లేదా ఇష్టంతో చేయవచ్చు. కనబడని పనిని ప్రేమతో చేస్తున్నామో, గత్యంతరం లేక చేస్తున్నామో చేసేవాళ్ళకే తెలియకుండా పోతుంది.

అందుకే ప్రయాణానికి ఒక కాగితం రాశాం. సరి తేదీల్లో వంట అతనిది. మూడు రోజులకొకసారి పొయ్యి వెలిగించం. బండి ఆగిన చోట పొద్దున రెండు గంటలు ఆ అటక పడక నాది, నా పుస్తకాలది. పిల్లలు పైకి రాకూడదు. కాగితం చూసి అతను, "ఇది సెలవులా లేదు, ఆఫీసులా ఉంది" అన్నాడు. "నాకు ఇప్పటిదాకా అన్ని సెలవులూ ఇలాగే ఉన్నాయి" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, సరి తేదీ వంటలకి ఏమేం కొనాలని అడిగాడు. ఆ జాబితా కూడా నువ్వే రాయాలని చెప్పాను.

జూన్‌లో బయల్దేరుతున్నాం. రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆ కాగితం ఎన్ని రోజులు నిలుస్తుందో చూడాలి.