వాహ్ నదీతీరపు పడవవాడు

స్లొవేకియా దేశమున వాహ్ నదీతీరమందలి లిప్టోవ్‌స్కీ మికులాష్ పట్టణమున జన్మించి, తండ్రియే గురువుగా తెడ్డుపట్టుట నేర్చిన మిఖాల్ మార్టికాన్, 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో, 17 ఏండ్ల ప్రాయముననే, పడవల స్లాలం పందెమున ఓకోయీ నదీవేగము నెదిరించి స్వర్ణపతకము గైకొనెను. స్వతంత్ర స్లొవేకియాకు అదియే తొలి ఒలింపిక్ స్వర్ణము.

ఈ స్లాలం పందెమున మోకాళ్లపై కూర్చుండి, ఒంటిరెక్క తెడ్డుతో, నీటిపై వ్రేలాడు జంటకోలల ద్వారములలో, ఆకుపచ్చవానిని ప్రవాహముతోడను, ఎఱ్ఱవానిని ప్రవాహమున కెదురేగియు దాటవలెను. కోల సోకినచో 2 సెకనులు, ద్వారము తప్పినచో 50 సెకనులు పందెపు కాలమునకు జతపడును. జయాపజయములు సెకనులో లేశమాత్రమున తేలు నీ క్రీడలో 2 సెకనులనగా నెంత దండనమో ఊహింపుడు!

2000, 2004 ఒలింపిక్ క్రీడలలో ఫ్రాన్సు దేశీయుడగు టోనీ ఎస్తాంగే స్వర్ణము గెలిచి మార్టికానును రెండవ స్థానమున నిలిపెను. బాల్యము వీడకముందే శిఖర మెక్కినవాడు, మరల నచ్చటికే చేరుటకు పన్నెండేండ్లు అదే నీటిని సేవించుట నాకు తొలివిజయముకన్న నద్భుతముగా తోచును. 2008 బీజింగులో ఎస్తాంగే తుదిపోటీకి చేరకయే వెనుదిరుగగా, మార్టికాన్ రెండవ స్వర్ణము నందుకొనెను. 2012 లండనులో మరల ఎస్తాంగేకే స్వర్ణము, ఇతనికి కాంస్యము దక్కెను. వరుసగా అయిదు ఒలింపిక్కులలో అది యతని యైదవ పతకము.