చావుకు పంపే హక్కు

ఒక మనిషిని చావుకు పంపే హక్కు మరొక మనిషికి ఎక్కడినుంచి వస్తుంది? యుద్ధంలోనైనా, గనిలోనైనా, ఓడమీదనైనా పదిమంది కలిసి ప్రమాదాన్ని ఎదుర్కొనే ప్రతి చోటా ఎప్పుడో ఒకప్పుడు తలెత్తే ప్రశ్న యిది. హోదానుంచి వస్తుందని సైన్యాల నిబంధనలు చెబుతాయి. ఆ సమాధానం చాలదని నా వాదన. దాన్ని నిరూపించటానికి ఒక అమెరికన్ టెలివిజన్ కథావళిని తీసుకుంటున్నాను. వైజ్ఞానిక కల్పన అంటే పిల్లల కాలక్షేపమని మన విమర్శకులలో కొంత చిన్నచూపు వుంది. కాని కొత్త లోకాన్ని కల్పించేటప్పుడు రచయిత దేన్ని మార్చటానికి సాహసించాడు, దేన్ని ముట్టుకోకుండా వదిలాడు అన్నది చూస్తే, అతని సమాజపు అంతరంగం మనకు బోధపడుతుంది.

1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ రెండవ ప్రపంచయుద్ధంలో బాంబరు విమానం నడిపినవాడు. తరువాత లాస్ ఏంజెలిస్ పోలీసుశాఖలో పనిచేసినవాడు. ఆయన వూహించిన భవిష్యత్తులో భూమిమీద ఆకలి లేదు, జాతిద్వేషం లేదు. డబ్బుకూడా లేదని 1996లో వచ్చిన ఆ వరస చలనచిత్రం చెబుతుంది. కాని అక్కడి నక్షత్రనౌకమీద కెప్టెన్, కమాండర్, లెఫ్టినెంట్, ఎన్‌సైన్ అనే నౌకాదళపు మెట్లు మాత్రం మెట్టు చెదరకుండా వున్నాయి. ధనం పోయింది, శ్రేణి మిగిలింది.

యిది కేవలం కథాసౌకర్యం అని తోసిపారెయ్యటానికి వీలులేదు. 1966–69 నాటి మొదటి కథల్లో చావుకూడా శ్రేణినిబట్టే పంపిణీ అవుతుంది. తెలియని గ్రహంమీద కెప్టెన్, ఆయన ముఖ్య సహచరులు దిగుతారు. వాళ్లతోపాటు ఎర్రచొక్కా తొడుక్కున్న ఒక రక్షకుడు దిగుతాడు. తరచు చచ్చేది అతనే. చావటానికే కథలోకి వచ్చే పాత్రకు యింగ్లీషులో ‘ఎర్రచొక్కా’ అన్నది పర్యాయపదమైపోయింది. అతని కోసం ఏడ్చేవాళ్లు కథలో వుండరు. అనేకసార్లు అతనికి పేరుకూడా వుండదు.

ఐతే ఆ కథావళే తరువాతి తరంలో తన్ను తాను ప్రశ్నించుకున్నది. 1987–94 మధ్య వచ్చిన రెండవ కథావళిలో డియానా ట్రాయ్ అనే స్త్రీ వుంది. నౌకలోని మనుషుల మనోవ్యథలు విని ఓదార్చటం ఆమె వృత్తి. 1991 నాటి ఒక కథలో నౌక దెబ్బతింటుంది. ఆ క్షణాన నడిపే గదిలో వున్నవారిలో ఆమెదే పెద్ద హోదా కావటంవల్ల అధికారం ఆమె చేతికి వస్తుంది. నౌకను రెండుగా విడదీసి, అవతలి సగంలో వున్నవాళ్లను వదిలేసి బయటపడదామని ఒక అధికారిణి వాదిస్తుంది. ట్రాయ్ ఒప్పుకోదు. ఆ నిర్ణయమే అందరినీ బతికిస్తుంది.

1994లో ఆమె కమాండర్ హోదాకోసం పరీక్షకు కూర్చుంటుంది. పరీక్ష నౌక ప్రతిబింబంలో జరుగుతుంది, మనుషులుకూడా ప్రతిబింబాలే. నౌక పేలిపోబోతున్నది, ఎలా కాపాడాలి? యంత్రశాస్త్రం చదివి ఎన్ని ఉపాయాలు వేసినా ఆమె తప్పుతూనే వుంటుంది. చివరకు అర్థమౌతుంది: జార్డీ అనే యింజనీరు కిరణప్రసారం నిండిన సందులోకి వెళ్లి మరమ్మతు చెయ్యాలి, అక్కడే చావాలి. ఆమె ఆజ్ఞాపిస్తుంది, అతను మారుమాట లేకుండా వెళతాడు, ఆమె ఉత్తీర్ణురాలౌతుంది.

యిక్కడ గమనించవలసింది ఒకటుంది. పరీక్షనాటికి ట్రాయ్, జార్డీ యిద్దరిదీ ఒకే హోదా, లెఫ్టినెంట్ కమాండర్. అతన్ని పంపటానికి కారణం అతను చిన్నవాడు కావటం కాదు, ఆ పని వచ్చినవాడు కావటం. అంటే ఆజ్ఞకు ఆధారం భుజంమీది చిహ్నం కాదు, ఆ గడియలో నెత్తిన పడిన బాధ్యత. యింతవరకు రచయితలు హోదాను దాటి ఆలోచించారు. కాని పరీక్ష కొలిచినదేమిటి? ఆజ్ఞ యివ్వగలదా లేదా అన్నది మాత్రమే. వెళ్లినవాడు బొమ్మ. వాడిని సమ్మతి అడగనక్కరలేదు. వాడి తల్లికి సమాధానం చెప్పనక్కరలేదు.

దానికి ముందు వారమే వచ్చిన కథ యీ లోటును పూరిస్తుంది. అందులో సీటో జాక్సా అనే పడుచుపిల్ల ఎన్‌సైన్, అధికారుల్లో అట్టడుగు మెట్టు. ఆమె జాతిని దశాబ్దాలపాటు అణచివుంచిన కార్డాసియన్ల ప్రాంతంలోకి, బందీగా నటిస్తూ ఒకరు వెళ్లాలి. కెప్టెన్ పికార్డ్ ప్రమాదమంతా విప్పి చెప్పి, నిర్ణయం ఆమెకే వదులుతాడు. ఆమె వెళుతుంది, తిరిగిరాదు. ఆ వార్తను కెప్టెన్ స్వయంగా నౌకంతటికీ వినిపిస్తాడు. స్నేహితులు కుమిలిపోతారు. పాతికేళ్లకు పైగా ఎర్రచొక్కాలు పేరులేకుండా చచ్చిన కథాలోకంలో అట్టడుగు మనిషి చావుకు ఒక పేరు, ఒక దుఃఖం దక్కాయి.

యీ ధర్మసందేహం మన సాహిత్యానికి కొత్తది కాదు. ద్రోణపర్వంలో ధర్మరాజు అభిమన్యుణ్ణి పద్మవ్యూహంలోకి పంపుతాడు. కారణం అదే: అక్కడున్న పాండవ వీరులలో ప్రవేశించే విద్య ఆ కుర్రవాడికే తెలుసు. బయటికి వచ్చే దారి తెలియదని అతను దాచలేదు. వెనకే వస్తామన్న మాట పెద్దలు యిచ్చారు; సైంధవుడు అడ్డగించటంతో నిలుపుకోలేకపోయారు. అప్పుడు ధర్మరాజు తలకు చుట్టుకున్నది వ్యూహం కాదు, అర్జునుడికి ఏం చెప్పాలన్న ప్రశ్న. ఆ ప్రశ్న లేకపోతే ఆయన రాజుగా మిగిలేవాడేమో కాని ధర్మరాజుగా మిగిలేవాడు కాదు.

శ్రేణి అక్కరలేదని నేననను. పేలబోయే నౌకలో సభ పెట్టి చర్చించే వ్యవధి వుండదు. ఎవరో ఒకరు నిర్ణయించాలి. కాని ఆ హక్కు పైమెట్టు యిచ్చేది కాదు, కిందివాళ్లు నమ్మి అప్పగించేది. ప్రమాదాన్ని దాచినప్పుడు, తన ప్రాణాన్ని లెక్కలోంచి ముందే తప్పించుకున్నప్పుడు, చచ్చినవాడి పేరు మరిచిపోయినప్పుడు ఆ అప్పగింత చెల్లదు. మురుగుగోతుల్లోకి మనుషులను దింపటం 2013 చట్టం నిషేధించిన తరువాతకూడా మన నగరాల్లో ఆ చావులు ఆగలేదు. దిగమన్నవాడు ఏ గోతిలోనూ దిగడు. చచ్చినవాడి పేరు మనకు గుర్తుండదు. ఎర్రచొక్కా మరెక్కడో, మరో నక్షత్రంమీద లేదు.