కరకు పాటకు ఓ దండం

ధనుర్మాసంలో కర్లపాలెం కోడి కూతకు లేచేది కాదు, మైకు కూతకు లేచేది. గుడి ముందు వేపచెట్టుకు కట్టిన బాకాలో ముందు ఒక గరగర, ఆ వెనకే చెవులు గింగురుమనే కీచు, ఆ తరవాతే పాట. వరి కోసి బోసిపోయిన మాగాణుల మీదుగా, మంచు మీద జారుతూ ఆ గొంతు చెరుకుపల్లి వైపుకూ బాపట్ల వైపుకూ వెళ్లిపోయేది. దుప్పటి ముసుగులోంచి విసుక్కున్నవాళ్లం కూడా రెండో చరణానికల్లా లోలోపల అందుకునేవాళ్లం.

ఆ పాట పుట్టిల్లు ఒక నల్లటి ప్లేటు. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే వెయ్యి గీతలున్నట్టుంటుంది. నిజానికి వైపుకు ఒక్కటే గాడి. అంచు దగ్గర బయలుదేరి నడుమకు చేరేదాకా చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క దారి అది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క ప్లేటులో వైపుకు మూడు నిమిషాలే పట్టేది. నాటకాల పందిట్లో తెల్లార్లూ సాగే రాగం కూడా అందులో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సిందే. ఆ తరవాత 45 చుట్ల చిన్న ప్లేటు వచ్చింది. ఏడంగుళాల వినైలు, అరచేతిలో అప్పడమంత. ఎక్కడో కలకత్తా డమ్‌డమ్ కార్ఖానాలో అచ్చయి, పేరులోనే దరువున్న ఆ ఊరి నుంచి రైలెక్కి మన పెళ్లిపందిట్లో దిగేది. పొన్నెకల్లు బిడ్డ, సంగీత దర్శకుడు చక్రవర్తి 1979లో 'వేటగాడు' సినిమాకు కట్టిన బాణీలూ అలాగే ఊళ్లమీదికొచ్చాయి.

ఎన్ని ప్లేట్లు అచ్చువేసినా మైకుసెట్టు పెట్టెలో ఉన్నది మాత్రం ఒక్కటే. దానికి పడిన గీత ఇంకే ఊరి ప్లేటుకూ ఉండదు. ముల్లు అక్కడికొచ్చేసరికి ఒక్క గెంతు గెంతేది. రెండు మాటలు మింగేసి మూడోదాని మీద వాలేది. ఊరంతా ఆ పాటను ఆ గెంతుతోనే నేర్చుకుంది. ఇవాళ ఫోనులో శుభ్రంగా, తుడిచి ముగ్గు పెట్టిన వాకిలిలా వినిపిస్తున్నా, ఆ చోటు రాగానే మా గొంతులు తడబడతాయి. వింటున్నది వేరే పాటేమో అనిపిస్తుంది.

మరి ఆ కరకుదనం ఎక్కడిది? బాకా మూతి చిన్నది, మంద్రస్వరం పెద్దది. మృదంగం ఎడమ మూత గుమ్మనే గుమికి అందులో ఇమడదు. మిగిలేది పైస్వరమే. మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా పట్టేది సెకనుకు మూడు వేల కంపనాల చుట్టుపక్కల మోతను. బాకా సరిగ్గా అక్కడే పట్టుకుని పొడుస్తుంది. దానికి తోడు మైకు కుర్రాడు ఉత్సాహం పట్టలేక ఆంప్లిఫయరు చెవి మెలిపెడతాడు. శక్తికి మించి అరిచేసరికి స్వరతరంగాల తలలు తెగి చదునవుతాయి. ఆ తెగినచోట, అసలు పాటలో ఎవరూ పాడని స్వరాలు పుడతాయి! మద్రాసు స్టూడియోలో వాయించనిదాన్ని కర్లపాలెం వేపచెట్టు వాయించేదన్నమాట.

సరిగ్గా ఆ తెగిన స్వరాలనే కోరి తెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 1978లో లండన్‌లో డేనియల్ మిల్లర్ అనే యువకుడు ఇంట్లో ఒంటరిగా కూర్చుని, ఒక కోర్గ్ సింథసైజరుతో, నాలుగు ట్రాకుల టేపురికార్డరుతో రెండు పాటలు చేశాడు. 'ది నార్మల్' అని పేరు పెట్టుకుని, మ్యూట్ అనే సొంత లేబుల్ మీద ఏడంగుళాల సింగిల్‌గా వదిలాడు. రాగం లేదు, లాలన లేదు. రేకు మీద ఇనుము గీసినట్టు ఒక మోత, దానిమీద చలనం లేని ఒక గొంతు. మొదటిసారి విన్నప్పుడు నాకు పరాయిదనిపించలేదు. మైకు ఇంకా పాట అందుకోక ముందు వేపచెట్టు మీంచి వినిపించే గరగరే అది, పాటయి కూర్చుంది.

ఆలోచిస్తే మన నేలకు కరకు కొత్త కాదు. బాపట్లలో 1902లో పుట్టిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావు సత్యభామై నిలబడిన కాలంలో, చివరి వరసలోని చాపదాకా గొంతే వెళ్లాలి. అందుకే రంగస్థలం ఎత్తు శ్రుతి పట్టింది, గొంతుకు పదును పెట్టింది. సుద్దపల్లికి చెందిన రఘురామయ్య నోట్లో వేలు పెట్టుకుని ఈలపాట పాడితే, ఆ స్వరం సింథసైజరులోని ఆసిలేటరు తీసే స్వరానికి దగ్గరి చుట్టం. నాటకం గొంతు చేసిన పనినే మైకు బాకా అందుకుంది. దూరాన ఉన్నవాడికి అందాలంటే పాట కాస్త ఒరుసుకుపోక తప్పదు. కరకుదనం పాటకు పట్టిన తెగులు కాదు, అది చేసిన ప్రయాణానికి కట్టిన కూలి.

ఇంకో వింత ఉంది. తెల్లవారుజామున నేల చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటుంది. పైకెగిరిన మోత అక్కడ వంగి మళ్లీ పొలాల మీదికే దిగుతుంది. అందుకే పగలు పక్కవీధికి చాలని పాట ఆ వేళ పక్క ఊరికి చేరుతుంది. కిలోమీటరు దూరాన కుప్పకు కాపలా పడుకున్న రైతుకు మూడు సెకన్లు ఆలస్యంగా అందుతుంది. దారిలో సన్నటి కీచులను గాలి ముందుగా మింగేస్తుంది. గుడి ముందు చెవులకు చిల్లులు పొడిచినదే, గట్టు మీద అతనికి జోలపాట. దూరపు కొండలు నునుపు అన్నవాళ్లు మైకు వినకపోయినా సరిగ్గానే చెప్పారు.

ఇకమీద ఎక్కడైనా ఒక పాట కరకుగా తగిలితే, వెంటనే నోరు నొక్కేయకండి. లేచి నాలుగు మడులు అవతలికి నడిచి, గట్టు మీద కూర్చుని వినండి.