పెళ్లిరోజుకు ఏ లెక్క?

శ్రీరామనవమి నాడు జరిగే కల్యాణం సీతారాముల పెళ్లిరోజు అని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి నవమి రాముడు పుట్టిన తిథి. వాల్మీకి బాలకాండలో పెళ్లి ముహూర్తం ఉత్తర ఫల్గునీ నక్షత్రానిది. నేపాల్‌లోని జనక్‌పూర్‌లో మార్గశిర శుద్ధ పంచమి నాడు వివాహ పంచమి చేస్తారు. మనం మాత్రం పుట్టినరోజు నాడే పెళ్లి చేస్తాం. భద్రాచలంలో అంతే, మా కరీంనగర్ వైపు అపర భద్రాద్రి అని పిలుచుకునే ఇల్లందకుంటలో అంతే. వేములవాడ శివుడి క్షేత్రం, అయినా నవమికి రాములోరి లగ్గం చూడ్డానికి జనం అక్కడా కిక్కిరిసిపోతారు.

ఇంకోటి గమనించారా? ఆ కల్యాణానికి నంబర్ ఉండదు. ఇది ఎన్నో వార్షికోత్సవం అని ఏ పూజారీ చెప్పడు. ఎదురుకోలు, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అన్నీ మొదటినుంచి మళ్లీ జరుగుతాయి. తిరుమలలోనైతే దాదాపు ప్రతిరోజూ స్వామికి కల్యాణమే. అంటే గుడిలో పెళ్లిని లెక్కపెట్టరు, మళ్లీ చేస్తారు.

ఇళ్లల్లో మనం చేసేది దీనికి ఉల్టా. 10, 25, 50 అని అంకెలు పట్టుకుంటాం. కేక్ కోయడం మన సంప్రదాయమా కాదా అనే గొడవలోకి నేను పోను, దాని మీద వాదించుకుని బాగుపడ్డవాళ్లను చూడలేదు. తిథి ప్రకారం చేయాలా, తేదీ ప్రకారమా అంటే, సుమారు 19 ఏళ్లకోసారి రెండూ దాదాపు ఒక్కచోటికి వస్తాయి, మిగతా ఏళ్లల్లో మీ ఇష్టం. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. ఇన్నేళ్ల పెళ్లి అన్నప్పుడు అసలు మనం ఏం లెక్కపెడుతున్నాం?

ఈ ఏడు మా అమ్మా బాపుల పెళ్లికి 30 ఏళ్లు. 1996లో లగ్గం, 1999లో బాపు దుబాయ్ పోయిండు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊర్లల్లో ఇది కొత్త కథ కాదు. వాడకట్టుకు ఒక్కరైనా గల్ఫ్ పోయినవాళ్లు ఉంటారు. బోరు పడక, అప్పు తీరక పోతారు. వీసా కోసం తెచ్చిన అప్పు తీర్చడానికే మొదటి రెండేళ్లు సరిపోతాయి. చెల్లె ఫంక్షన్ హాల్ మాట్లాడుతా అంటే, అమ్మ బియ్యం ఏరుకుంటూనే అన్నది: "ముప్పై ఏండ్లంటున్నవ్ గని, మీ బాపు నాతోని ఉన్నదెన్నేండ్లు? అన్న కంప్యూటర్ చదివిండు గదా, లెక్క వెయ్యమను."

వేసిన. పోకముందు మూడేళ్లు. 2020లో కరోనా అప్పుడు వాపసు వచ్చినప్పటి నుంచి ఆరేళ్లు. మధ్యల 21 ఏళ్లు. రెండేళ్లకోసారి రెండు నెలల చుట్టీ, అట్లా పదిసార్లు, మొత్తం 20 నెలలు. కలిపితే 10 ఏళ్ల 8 నెలలు. 30లో మిగిలిన 19 ఏళ్ల 4 నెలలు ఒకరు క్యాంపులో, ఒకరు ఇంట్లో బీడీలు చేస్తూ. మొదట్లో ఎవరైనా ఊరికొస్తే వాళ్ల చేతికిచ్చి పంపే క్యాసెట్, తర్వాత శుక్రవారం ఫోన్, ఆ తర్వాత ఇమో కాల్.

మరి పెళ్లికి 30 ఏళ్లా, 10 ఏళ్లా? కలిసి ఉన్నదే లెక్క అంటే ఇద్దరికీ అన్యాయం. సప్తపదిలో ఏడు అడుగుల్లో దేనికీ ఒకే ఇంట్లో ఉండాలనే షరతు లేదు. ఏడో అడుగు స్నేహానికి. ధర్మంలో, అర్థంలో దాటిపోనని చెప్పిన మాటను బాపు జీతం పంపి నిలబెట్టిండు, అమ్మ ఆ డబ్బుతో ఇల్లు నడిపి, నన్ను ఇంజనీరింగ్ చదివించి నిలబెట్టింది. మాట తప్పలేదు కాబట్టి 30 అనొచ్చు.

కానీ 30 అని గట్టిగా అనేవాళ్లే ఇంకో మాట కలుపుతారు: "మీ అమ్మ సీతమ్మ లెక్క ఓపిక పట్టింది." ఫంక్షన్‌లో మైకు దొరికితే ఈ మాట తప్పకుండా వస్తుంది. నాకిది మింగుడు పడదు. రామాయణంలో ఎడబాటును ఎవరూ పండుగ చేసుకోలేదు. పంపా తీరంలో రాముడు ఏడ్చాడు. సీత కూడా ఓపిగ్గా ఎదురుచూస్తానని కబురు పంపలేదు, నెల దాటితే బతకనని చెప్పమని హనుమంతుడికి చెప్పింది. ఎడబాటు గొప్పదైతే వారధి కట్టాల్సిన పనేముంది? మనం ఏటా చేసేది వాళ్ల కల్యాణం, అశోకవనంలో పది నెలల ఉత్సవం కాదు. ఆడవాళ్ల ఎదురుచూపును త్యాగం అని పొగడడం మనకు సులువు, పొగిడాక ఆ 19 ఏళ్లు ఎందుకు పోయినయని అడగాల్సిన పని ఉండదు. బాపు ఎదురుచూపునైతే పొగిడేవాళ్లు కూడా లేరు.

అందుకే రెండు అంకెలూ నిజమే అనుకుంటా. మాట నిలిచింది 30 ఏళ్లు, బతుకు పంచుకున్నది 10 ఏళ్ల 8 నెలలు. ఒకదానితో ఇంకోదాన్ని కప్పేస్తే ఏదో ఒకటి అబద్ధమవుతుంది. షష్టిపూర్తికి కూడా మన పెద్దలు పెళ్లి ఏళ్లు లెక్కపెట్టలేదు. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాలు ఒక చుట్టు తిరిగాక భార్యాభర్తలను కూర్చోబెట్టి మళ్లీ మాంగల్యం కట్టిస్తారు. (భర్త వయసే ఎందుకు కొలత అని అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు.)

ఆలోచిస్తే మా ఇంట్లో పెళ్లిరోజు జరిగింది, కాకపోతే ఎవరూ ఆ పేరు పెట్టలేదు. చుట్టీ మీద వచ్చిన ప్రతిసారీ, సూట్‌కేస్ విప్పిన రెండు మూడు రోజులకే ఇద్దరూ వేములవాడ పోయి రాజన్నకు కోడెమొక్కు చెల్లించేవాళ్లు. కోడె పగ్గం ఇద్దరూ పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, తెచ్చి కట్టేయడం. కొత్తగా పెళ్లయిన జంటలు ముందు, వీళ్లు వెనుక. పదిసార్లు, ఏ తేదీకీ సంబంధం లేకుండా.

ఇదంతా చెల్లెతో చెప్పిన. ఫంక్షన్ హాల్ మానుకుంది, కేక్ మాత్రం మానను అన్నది. దాని మీద 30 వేయించాలా అని అమ్మను అడిగితే, "పేర్లు రాపియ్యి, అంకె వద్దు" అన్నది. బాపు మాత్రం వేములవాడకు పొద్దుగాల ఎన్నింటికి బస్సుందో కనుక్కుంటున్నడు.